చీరకట్టులోనే పాత్రను చూపిన మహానటులు స్థానం నరసింహారావు గారు

ఈ సంవత్సరం మన సాంస్కృతికోత్సవంలో సాయంకాలపు తెలుగు తరగతి పిల్లలు శ్రీకృష్ణ తులాభారం కథను నలభై నిమిషాల చిన్న నాటకంగా ప్రదర్శించబోతున్నారు. వేషాలు సమకూర్చే బాధ్యతను పెద్దలు మాకు అప్పగించారు. ఎనిమిది పాత్రలు, మూడు వందల డాలర్ల సొమ్ము, ఒక కుట్టుమిషను, నలుగురు తల్లులు, ఇద్దరు నాయనమ్మలు. ఇదీ మా బలగం. న్యూవార్క్ అవెన్యూ దుకాణాలలో చీరల ధరలు అడిగి, ఎవరి ఇంట ఏ నగ ఉన్నదో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ రెండు నెలలుగా తిరుగుతున్నాము.

పని సాగుతుండగా ఒక చిక్కు వచ్చింది. సత్యభామ పద్యాలు తప్పు లేకుండా, ఊపిరి నిలిపి చదవగలిగినది మా తరగతిలో ఒక్కరే. ఆ ఒక్కరు హైస్కూలులో చదివే అబ్బాయి. అతడు తానే చేయి ఎత్తి ఆ వేషం అడిగాడు. పిల్లలు నవ్వలేదు, పెద్దలే నవ్వారు. మగపిల్లవాడికి చీర కట్టి వేదిక ఎక్కిస్తే నలుగురూ ఏమనుకుంటారని ఇంటివారు వెనుకాడారు. వారిని తప్పు పట్టలేము. బడిలో పిల్లలు ఒకరినొకరు ఎట్లా ఏడిపిస్తారో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మాకు తెలుసు.

అందుచేత ఆ అబ్బాయికీ, అతని తల్లిదండ్రులకూ, మన పిల్లలందరికీ తెలియవలసిన ఒక మహానటుని జీవితాన్ని ఈ సంచికలో చెప్పదలచుకున్నాము. మా తెలుగు సాయంకాలపు తరగతిలో పెద్ద వయసులో దిద్దుకున్న తెలుగు. తప్పులుంటే పాఠకులు మన్నించగలరు.

బాపట్ల నుండి తెనాలికి

స్థానం నరసింహారావు గారు 1902 సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించారు. తండ్రి హనుమంతరావు గారు, తల్లి ఆదెమ్మ గారు. ఆనాడు బాపట్ల మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాలోని ఊరు. సముద్రానికి దగ్గర, భావనారాయణస్వామి గుడికి ప్రసిద్ధి. 2022 నుండి అదే పేరుతో ఒక జిల్లాకు కేంద్రమైంది.

ఆయన పుట్టేనాటికి తెలుగు నాటకరంగం వయసు ఎంతో కాదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తమ విద్యార్థుల చేత నాటకం ఆడించారు. ఒక పంతులు గారు, కొందరు బడిపిల్లలు మొదలుపెట్టిన పని అది అని తలచుకున్నప్పుడల్లా మాకు కొంచెం ధైర్యం వస్తుంది. ఆ తరువాత ధార్వాడ నాటక సమాజం వారు తెలుగు ఊళ్ళలో ప్రదర్శనలిచ్చారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తెలుగు నాటకాలు రాసి ఆడించారు. చూస్తూ చూస్తూ ఉండగానే ఊరూరా నాటక సమాజాలు వెలిశాయి. తెల్లవార్లూ నాటకం, హార్మోనియం శ్రుతి, మైకు లేని గొంతు, పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని కేకలు వేయడం, నటుడు మళ్ళీ అదే పద్యం ఎత్తుకోవడం — ఆ రోజుల పద్ధతి అది.

అయితే కులస్త్రీలు నాటకం ఆడడాన్ని ఆనాటి సంఘం ఒప్పుకొనేది కాదు. సురభి వారి కుటుంబాలలో ఆడవారే ఆడవేషాలు వేసేవారు; మిగిలిన సమాజాలలో చాలావరకు మగవారే ఆ వేషాలు ధరించేవారు. ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు. కూచిపూడి భాగవతులు తరతరాలుగా అట్లాగే సత్యభామను ఆడారు. మరాఠీలో బాలగంధర్వ, గుజరాతీలో జయశంకర్ సుందరి స్త్రీ పాత్రలతోనే దేశమంతా పేరు పొందారు. చైనా దేశపు మెయ్ లాన్‌ఫాంగ్ స్త్రీ పాత్రలు ధరించి 1930లో మనకు నది అవతలే ఉన్న న్యూయార్కులో ప్రదర్శనలిస్తే, అమెరికా ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు.

నరసింహారావు గారి ప్రవేశం అనుకోకుండా జరిగింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తుండగా చంద్రమతి వేషధారి రాలేదు. ఈ యువకుడు ఆ వేషం కట్టాడు. అక్కడి నుండి వెనుదిరిగి చూడలేదు.

వేషాల పని చేస్తున్న మాకు ఆ మొదటి పాత్ర ఏదో తెలిసినప్పుడు ఆశ్చర్యం వేసింది. చంద్రమతి కథ అంతా బట్టలలోనే ఉన్నది. మొదట మహారాణి పట్టుచీర. ఆపై కాశీలో అమ్ముడుపోయిన దాసి ముతకబట్ట. చివరకు శ్మశానంలో కొడుకు శవం ముందు కూర్చున్న తల్లి, ఒంటి మీద ఏమీ మిగలని మనిషి. అక్కడ కాటికాపరిగా ఉన్న భర్తకు మాత్రమే కనిపించే మాంగల్యం ఒక్కటే కథను మలుపు తిప్పుతుంది. ఒక చిన్న తాడు వేదిక మీద ఎంత పని చేస్తుందో ఆ కుర్రవాడు మొదటి రాత్రే నేర్చుకొని ఉంటాడు.

తరువాత ఆయన తెనాలి చేరారు. ఆంధ్రా పారిస్ అని ముద్దుగా పిలుచుకునే తెనాలి అప్పట్లో నాటకాలకు పుట్టినిల్లు వంటిది. మాధవపెద్ది వెంకట్రామయ్య గారు, గోవిందరాజుల సుబ్బారావు గారు వంటి హేమాహేమీలు ఆ రంగస్థలాన్ని వెలిగించిన రోజులవి. అక్కడి శ్రీరామవిలాస సభలో చేరి నరసింహారావు గారు తమ కళకు మెరుగులు దిద్దుకున్నారు. మన జర్నల్ స్క్వేర్‌లోని లోయూస్ థియేటరు 1929లో తలుపులు తెరిచింది. ఇక్కడ అంత భవనంలో దీపాలు వెలుగుతున్న కాలంలోనే అక్కడ తెనాలిలో దీపాల వెలుగున సత్యభామ అడుగులు వేస్తున్నది.

పాత్రకొక చీర

స్థానం వారు నాలుగు దశాబ్దాల పాటు స్త్రీ పాత్రలు ధరించారు. ముత్తరాజు సుబ్బారావు గారి శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణిలో చింతామణి, గురజాడ వారి కన్యాశుల్కంలో మధురవాణి, సారంగధర కథలో చిత్రాంగి, విప్రనారాయణ కథలో దేవదేవి, కొప్పరపు సుబ్బారావు గారి రోషనారలో రోషనార ఆయనకు పేరు తెచ్చిన పాత్రలలో కొన్ని. సత్యభామ పాడే మీరజాలగలడా అనే పాట ఆయన కలం నుండే వెలువడిందని ప్రసిద్ధి. 1966లో తులాభారం సినిమా వచ్చినప్పుడు సుశీల గారి గొంతులో ఆ పాట ఇంటింటికీ చేరింది. నాటకం చూడని తరానికి కూడా ఆ విధంగా ఆయన మిగిలారు.

ఈ పాత్రల పేర్లను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. చింతామణి వేశ్య. మధురవాణి కూడా వేశ్యే. దేవదేవి కూడా అంతే. ముగ్గురికీ ఒకే చీర, ఒకే నగ వేసి పంపితే ప్రేక్షకుడికి ఒకే మనిషి మూడుసార్లు వచ్చినట్లుంటుంది. చింతామణి పాతకాలపు కథలోని స్త్రీ. మధురవాణి విజయనగరం వీధిలో నిన్న మొన్న తిరిగిన మనిషి, ఎదుటివారిని చూసి లోలోపల నవ్వుకునే తెలివి గలది. దేవదేవి పంతం పట్టి ఒక భక్తుని మనసు మార్చడానికి వచ్చినది, కనుక ఆమె ఆడంబరం దాచుకోవాలి. ఇక రోషనారకు చీరే లేదు; మొగలు అంతఃపురపు ఉడుపులు. నడక మారాలి, కూర్చునే తీరు మారాలి, ముసుగు పట్టుకునే వేళ్ళు మారాలి.

స్థానం వారి గొప్పతనం ఇక్కడే ఉన్నదని పెద్దలు చెబుతారు. ఆయన తమ ఆహార్యాన్ని ఎవరి చేతికీ వదిలిపెట్టలేదు. ఏ పాత్రకు ఏ రంగు, ఏ అంచు, కుచ్చిళ్ళు ఎంత, పైట ఎటు, కొప్పా జడా అన్నది తామే ఆలోచించుకొని కట్టుకొనేవారు. భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పాడు. మనం సాధారణంగా ఆహార్యాన్ని చివరకు వదిలేసి, ముందురోజు రాత్రి సూట్‌కేసు తెరుస్తాము. స్థానం వారికి పాత్ర అక్కడే మొదలయ్యేది.

వేషం అంటే మగతనాన్ని దాచడం మాత్రమే అయితే అది కొద్ది నిమిషాల వింత. సవరం పెట్టి, రంగు పూసి ఎవరైనా ఆడవారివలె కనిపించవచ్చు. తెల్లవార్లూ ఆడదానిగా కోపగించి, అలిగి, అవమానపడి, వేలమంది చేత కంటతడి పెట్టించడం వేరు. అందుకు ఆడవారిని ఎంతో మర్యాదతో, ఎంతో ఓపికతో గమనించి ఉండాలి. వెక్కిరించడానికి చీర కట్టినవాడిని ప్రేక్షకులు ఒక్క పూటలో మరచిపోతారు. స్థానం వారిని నేటికీ మరచిపోలేదు.

రంగూను కిరీటం

మా తాతగారు కాకినాడ రేవున ఓడ ఎక్కి రంగూను చేరారు. అక్కడి ఓడరేవులో బస్తాలు మోశారు. బర్మావారు తెలుగువారిని కోరంగీలు అనేవారు. మన కోరంగి రేవు పేరే అది. మా నాన్నగారు రంగూనులో పుట్టారు, మేమూ అక్కడే పుట్టాము. ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం బర్మా భాష. 1984లో జెర్సీ సిటీ వచ్చేనాటికి మాకు తెలుగులో మా పేరు కూడా రాయడం రాదు.

1938లో రంగూనులో స్థానం వారికి బంగారు కిరీటం బహూకరించారు. ఆ సంవత్సరమే జూలైలో ఆ నగరంలో భారతీయుల మీద పెద్ద అల్లర్లు జరిగాయి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1930 మే నెలలో, రేవులో పనిచేసే తెలుగు కూలీల మీదనే దాడులు జరిగాయి. అటువంటి ఊళ్ళో, అటువంటి రోజులలో మనవారు ఒక నటుని తలమీద బంగారం పెట్టారు. బస్తాలు మోసే చేతులు అంత బంగారం ఎందుకిచ్చాయి అని చిన్నప్పుడు అడిగేవాళ్ళము. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు మాకు కొంత తోస్తున్నది. బయట తమ పంచెను, చీరను, బొట్టును చూసి ఈసడించుకునేవారు. నాటకంలో ఒక్క రాత్రి అదే చీర, అదే బొట్టు రాజసంగా వెలుగులోకి వచ్చి నిలబడింది.

మా నాయనమ్మ ఆ నాటకం చూసింది. సత్యభామ ముఖం ఆమెకు గుర్తులేదు. కోపం వచ్చినప్పుడు పైటకొంగును రెండు వేళ్ళతో పట్టి భుజం మీదకు తీసుకున్న తీరు మాత్రం చివరిదాకా చేసి చూపేది. మరునాడు కూలీల ఇళ్ళలో ఆడవాళ్ళంతా కొంగును అట్లాగే పట్టుకొని నీళ్ళకు వెళ్ళారట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె నడుము నిటారుగా అయ్యేది.

చివరి సంవత్సరాలు

కాలం మారింది. బళ్ళారి రాఘవ గారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని గట్టిగా వాదించి, చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదకు తెచ్చారు. ఆ వాదం న్యాయమైనది. స్థానం వారి కళ ఎంత గొప్పదైనా, ఆడవారికి తలుపులు మూసిన ఒక సంఘంలో పుట్టిన కళ అది. ఈ రెండు మాటలూ పిల్లలకు కలిపి చెప్పడమే మంచిదని మా అభిప్రాయం.

సినిమా వచ్చి నాటకం ప్రేక్షకులను తీసుకుపోయింది. స్థానం వారు కూడా 1939లో వచ్చిన రాధాకృష్ణ, 1942లో వచ్చిన సత్యభామ చిత్రాలలో నటించారు. అయినా వారి స్థానం రంగస్థలమే. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. తమ అనుభవాలను నటస్థానం అనే గ్రంథంగా రాసి తరువాతివారికి వదిలారు. 1971 ఫిబ్రవరి 21వ తేదీన కీర్తిశేషులయ్యారు.

మన ఊరు, మన వేదిక

ఇప్పుడు జెర్సీ సిటీ సంగతి. నేడు న్యూవార్క్ అవెన్యూలో పట్టుచీర కట్టి, కుంకుమ బొట్టు పెట్టి నడిచే ఆడపిల్లను ఎవరూ తిరిగి చూడరు. 1987లో అట్లా లేదు. డాట్ బస్టర్స్ అని పేరు పెట్టుకున్న ముఠా మన ఆడవారి బొట్టునే తమ ద్వేషానికి గురుతుగా ఎంచుకున్నది. భారతీయులను ఈ ఊరి నుండి వెళ్ళగొడతామని బెదిరిస్తూ స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. ఆ సెప్టెంబరులో పక్కనే ఉన్న హోబోకెన్‌లో ఒక భారతీయ యువకుని కొట్టి చంపారు. ఇక్కడ మన ఊళ్ళోనే ఒక వైద్యుని చావుదెబ్బలు కొట్టారు.

ఆ నెలలలో మా అమ్మ పాత్ రైలు ఎక్కబోయే ముందు రుమాలుతో బొట్టు తుడుచుకొనేది. సాయంత్రం ఇంటికి రాగానే అద్దం ముందు నిలబడి మళ్ళీ పెట్టుకొనేది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. రంగూను చూసిన మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ సంవత్సరం మన సంఘాల ఉత్సవాలలో కూడా కొందరు కోటు కింద చీర దాచుకొని వచ్చి, లోపల గదిలో కోటు విప్పి వేదిక ఎక్కారు.

కనుక వేషాలు సమకూర్చడం మాకు కేవలం బట్టల లెక్క కాదు. ఒక పిల్ల నుదుట నిండుగా బొట్టు దిద్ది వేదిక మీదకు పంపేటప్పుడు అమ్మ రుమాలు గుర్తుకు వస్తుంది.

మా పనిలో ఈ సంవత్సరం స్థానం వారి దారిని అనుసరించదలచాము. మొదటి సంగతి, చీర పాత్రకు తగినది కావాలి గాని ఇచ్చిన ఇంటి హోదాకు తగినది కాదు. సత్యభామకు ఎర్ర పట్టు, జరీ అంచు. రుక్మిణికి లేత రంగు, సన్నంచు, నగలు తక్కువ. మీ ఇంటి ఖరీదైన చీర చెలికత్తెకు కట్టలేదని దయచేసి కోపగించుకోవద్దు. రెండవది, కదలడానికి వీలుండాలి. ఆరు గజాల చీర పిల్లల నడుముకు బరువు. లోపల నాడా కట్టి, కుచ్చిళ్ళు ముందే కుట్టి, పైటను రెండు పిన్నీసులతో బిగిస్తున్నాము. మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఈ కథలో సత్యభామ తన నగలన్నీ ఒక్కొక్కటే తీసి త్రాసులో వేస్తుంది. వడ్డాణం, వంకీలు, కాసులపేరు, చివరకు చేతి గాజులు. అన్నీ వేసినా కృష్ణుడు తూగడు. రుక్మిణి ఒక్క తులసిదళం వేస్తే తూగుతాడు. ఆ నగలు తీయడంలో కొక్కెం జుట్టుకు తగులుకొని పాత్రధారి అవస్థ పడితే ప్రేక్షకులు నవ్వుతారు. గర్వం కరగడం ఎవరికీ కనబడదు. అందుకని ప్రతి నగకూ వెనుక తేలికగా ఊడే ముడి వేశాము. చంద్రమతి మాంగల్యం స్థానం వారికి నేర్పిన పాఠమే ఇది అనుకుంటున్నాము.

అరువు తెచ్చిన నగలకు ఒక్కొక్కదానికి చిన్న చీటీ కట్టి, ఇచ్చినవారి పేరు నోటుపుస్తకంలో రాసి, సంతకం చేయించుకుంటున్నాము. నాటకం అయిన రాత్రే ఎవరివి వారికి ముట్టజెప్పుతాము. అసలు బంగారం దయచేసి ఇవ్వకండి. గిల్టు నగలు చాలు. దీపాల వెలుగులో త్రాసుకు ఆ తేడా తెలియదు.

ఇక ఆ అబ్బాయి సంగతి. ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేనాటికి వారి ఇంట్లో నిర్ణయం కాలేదు. ఆ నిర్ణయం వారిదే, మేము తొందరపెట్టము. ఒక ఆడపిల్ల కూడా పద్యాలు నేర్చుకుంటున్నది, ఆమె కూడా శ్రద్ధగల పిల్ల. ఎవరు వేసినా వేదిక ఎక్కేది సత్యభామే. అయితే గత శనివారం ఆ అబ్బాయి తల్లి తానే తరగతికి వచ్చి, మా నోటుపుస్తకంలో కొలతలు రాసే పేజీ తెరిచి, అతని భుజాల కొలత తన చేత్తో రాసి వెళ్ళింది. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అడగలేదు. సత్యభామ రవికెను రెండువైపులా రెండేసి అంగుళాల బట్ట లోపల వదిలి కుట్టాము. విప్పితే అతనికి సరిపోతుంది, బిగిస్తే ఆమెకు సరిపోతుంది.

ఎర్రని జరీ చీర ఒకటి, పొడుగైన సవరం ఒకటి ఇంకా కావలసి ఉన్నవి. ఉన్నవారు సాయంకాలపు తరగతికి తెచ్చి ఇవ్వగలరని ప్రార్థన. అందరూ సకుటుంబంగా వచ్చి పిల్లలను ఆశీర్వదించగలరు.